రెండు కుండీలు, పుల్లమజ్జిగ, జడ్జి గారి ప్రశ్న

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మొన్న స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి "పుల్లమజ్జిగతో మొక్కలు బాగా పెరుగుతాయి" అని ప్రాజెక్టు చేశాడు. రెండు కుండీల్లో మెంతులు వేశాం. ఒకదానికి రోజూ నీళ్లు, రెండోదానికి నీళ్లతో పాటు ఒక చిన్న గ్లాసు పుల్లమజ్జిగ. పద్నాలుగు రోజులకు మజ్జిగ కుండీలో మొక్కలు 11 సెంటీమీటర్లు, నీళ్ల కుండీలో 8. ఫోటోలు, చార్టు అన్నీ పెట్టాడు, రోజువారీ నోట్సు కూడా రాశాడు. ఐదో రోజున చీమలు పడుతున్నాయని మజ్జిగ కుండీని బాల్కనీ గ్రిల్ దగ్గర్నుంచి తీసి లోపల వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాం, అంతకు మించి ఏమీ మార్చలేదు. జడ్జిగా వచ్చిన ఆయన చార్టు చూసి "ఇది మజ్జిగ వల్లేనని నీకెలా తెలుసు బాబూ?" అని అడిగి, వీడు నీళ్లు నమిలేసరికి నవ్వి వెళ్లిపోయారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. వాళ్ల నాన్నేమో "ఈసారి వాల్కనో చెయ్యరా, ప్రైజు గ్యారంటీ" అంటున్నారు. తేడా కళ్లెదుటే కనిపిస్తుంటే ఇంకేం నిరూపించాలండీ? రెండు నెలల్లో ఇంకో ఎగ్జిబిషన్ ఉంది. ఏం చేయమంటారు?
— ఒక అమ్మ, ఖమ్మం

జవాబు:

ఈపాటికి వాడు అన్నం తినేసే ఉంటాడు గానీ, ఆ ప్రశ్న మాత్రం ఇంకా గొంతులో అడ్డం పడే ఉంటుంది. అంత మంచి ప్రశ్న అడిగి, జవాబు ఎలా వెతుక్కోవాలో రెండు ముక్కలు చెప్పకుండా నవ్వి వెళ్లిపోవడం ఆ పెద్దమనిషి తప్పు, అందులో నాకేం అనుమానం లేదు. ప్రశ్న మాత్రం తప్పు కాదు. ఆ రోజు ఆయన ఎన్నో చార్టుల ముందు "వెరీ గుడ్" అనేసి ముందుకెళ్లి ఉంటారు, మీవాడి దగ్గర ఆగి అడిగారంటే అడగడానికి అక్కడ ఏదో ఉందన్నమాట. వాల్కనోను ఎవరూ ఏమీ అడగరు. వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగుతుందని పోసేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. ఏం జరుగుతుందో ముందే తెలిసినదాన్ని చేసి చూపిస్తే అది ప్రదర్శన అవుతుంది, ప్రయోగం అవదు. మీ ఆయనకు ఈ మాట కాస్త మెల్లిగా చెప్పండి.

ఇక అసలు సంగతికి వస్తా. "అంతకు మించి ఏమీ మార్చలేదు" అని రాశారు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను.

మజ్జిగ కుండీని గ్రిల్ దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ పక్కకు మార్చారు, అంటే వెలుతురులోంచి నీడలోకి. నీడలో లేత మొక్క ఏం చేస్తుందో మీకు తెలుసు, ఎన్నోసార్లు చూసే ఉంటారు. పెళ్లికి పాలికల్లో నవధాన్యాలు వేసి దేవుడి గదిలో పెడతాం కదా, నాలుగైదు రోజులకే అవి సన్నగా, పాలిపోయి, బెత్తెడు పొడవు సాగి ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. వాటికి ఎవరూ మజ్జిగ పోయలేదు, ఎరువూ వేయలేదు. వెలుతురు సరిపోక మెడ చాచి వెతుక్కుంటున్నాయంతే. ఉన్న శక్తంతా కాండం సాగదీయడానికే ఖర్చు పెట్టేసి ఆకుల సంగతి వదిలేస్తాయి. అదే గింజ ఎండలో మొలిస్తే పొట్టిగా, దిట్టంగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది.

కాబట్టి మీవాడి 11 సెంటీమీటర్లు మజ్జిగ మహిమ కావచ్చు, మీ వాషింగ్ మెషీన్ నీడ మహిమా కావచ్చు. నిజానికి ఆ 8 సెంటీమీటర్ల కుండీయే ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు! ఫోటోలు ఉన్నాయన్నారు కదా, ఒకసారి తీసి చూడండి, ఏ కుండీ ఆకులు ముదురుగా ఉన్నాయో, ఏ కుండీ మొక్కలు వెలుతురు వైపు ఒరిగి ఉన్నాయో. నేను పందెం కాయను గానీ, నా అనుమానం ఎటువైపు ఉందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇంకోటి. నీళ్ల కుండీకి నీళ్లు మాత్రమే, మజ్జిగ కుండీకి నీళ్లతో పాటు మజ్జిగ. మజ్జిగలో ఎక్కువ భాగం నీళ్లే కదమ్మా, పైగా మనం చేసేది పల్చగానే చేస్తాం. అంటే రెండో కుండీకి రోజూ ఒక గ్లాసు తడి ఎక్కువ అందింది. ఎండలో ఉన్న కుండీ త్వరగా ఆరిపోతుంది, దానికేమో తక్కువ పోశారు, నీడలో ఉన్నదానికి ఎక్కువ పోశారు. ఇలా వెతికితే ఇంకా దొరుకుతాయి. రెండు కుండీలూ ఒకే సైజువా? ఒకటి మట్టిదీ ఒకటి ప్లాస్టిక్‌దీనా? మట్టి ఒకే చోటినుంచి తెచ్చారా? గింజలు సమానంగా వేశారా, లేక చేతికి వచ్చినన్ని చల్లారా?

"అయితే మావాడు చేసిందంతా దండగేనా" అని మీకు కోపం వస్తుందని తెలుసు. దండగ కాదు, అది ప్రయోగానికి ముందు జరగాల్సిన పని. పుల్లమజ్జిగ పోస్తే ఏదో జరుగుతున్నట్టుంది అని గమనించాడు, ఒక ఊహ చేశాడు. ప్రయోగం అనేది ఆ తర్వాత మొదలవుతుంది. మన ఊహకు మనమే ఎదురు పక్షం వకీలులా నిలబడి "మజ్జిగ కాకుండా ఇంకే కారణం వల్లైనా ఇలా జరిగి ఉండొచ్చా?" అని అడిగి, దొరికిన ప్రతి కారణాన్నీ కుండీలు పెట్టకముందే మూసేయడం. జడ్జి గారు పదిహేనో రోజున అడిగిన ప్రశ్న మీవాడు తనని తాను మొదటి రోజునే అడగాల్సింది. తేడా అంతే.

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివే రోజుల్లో మాకు తలా కొన్ని మళ్లు ఇచ్చి ఎరువుల ప్రయోగం చేయమన్నారు. నాకు వచ్చిన ఒక మడిలో పైరు ఎంత నల్లగా, ఏపుగా వచ్చిందంటే, నేను వేసిన మోతాదే మొనగాడని తోటివాళ్లందరికీ చెప్పుకుని తిరిగాను. ఆ పొలంలో పనిచేసే ముసలాయన ఒకాయన గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ విని "అక్కడ నిరుడు పెంటకుప్ప ఉండె బాబూ" అన్నాడు. అంతే! ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు, పెంటకుప్ప తీసేసిన చోట రెండేళ్లయినా పైరు వేరే రంగులో కనపడుతుందని. నేను ఎరువు మోతాదు కొలుస్తున్నాననుకున్నాను, కొలిచింది పాత కుప్ప జాగాని. సిగ్గేసింది గానీ, ఆ చుట్ట కాల్చే ఆయన దగ్గర నేర్చుకున్నంత క్లాసులో నేర్చుకోలేదు.

ఇప్పుడు మీరు అడిగింది, "తేడా కళ్లెదుటే కనిపిస్తుంటే ఇంకేం నిరూపించాలి" అని. సరే, నీడా లేదు, నీళ్ల తేడా లేదు, అన్నీ సమానంగా చేశారనుకుందాం. అప్పుడైనా రెండు కుండీలు సరిపోతాయా? ఒక్క నిమిషం ఆలోచించండి. రెండు కుండీలకీ ఉత్త నీళ్లే పోశారనుకోండి, రెండూ సరిగ్గా ఒకే ఎత్తు పెరుగుతాయా? పెరగవు, ఏదో ఒకటి కొంచెం ఎక్కువే ఉంటుంది. కాబట్టి మజ్జిగ వల్ల ఒరిగేది సున్నా అయినా సరే, మజ్జిగ కుండీ గెలిచే అవకాశం సగానికి సగం. బొమ్మా బొరుసా వేసినట్టే. మీవాడు ఒక్కసారి నాణెం ఎగరేసి బొమ్మ పడితే "ఈ నాణెం ఎప్పుడూ బొమ్మే పడుతుంది" అన్నట్టుంది వ్యవహారం.

అందుకే నా మొదటి సలహా మీకు వింతగా అనిపిస్తుంది. ముందు మజ్జిగ వద్దు. పన్నెండు పేపర్ కప్పులు తీసుకోండి, టీ కప్పులు కాదు, జ్యూస్ ఇచ్చే కాస్త పెద్దవి. అడుగున కాల్చిన సూదితో మూడు చిల్లులు పెట్టండి. మట్టినీ పశువుల ఎరువునూ ఒక టబ్‌లో వేసి చేత్తో బాగా కలిపేసి, వంటింటి త్రాసు మీద తూచి ప్రతి కప్పులో ఒకే బరువు నింపండి. విరిగినవీ, పుచ్చువీ ఏరేసి కప్పుకు పదేసి మెంతులు వేయండి. అన్నిటికీ ఉత్త నీళ్లే, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో, సూది లేకుండా, కొలిచి రోజుకు 20 మిల్లీలీటర్లు. కప్పులో మట్టి మరీ తడిగా ఉంటే తగ్గించండి గానీ, తగ్గిస్తే పన్నెండింటికీ తగ్గించండి. పద్నాలుగో రోజున ఒక్కో కప్పు కోసి తూచి రాయండి. అంతే, రెండు వారాలు. ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు, మీవాడికి విసుగొస్తుంది కూడా. కానీ ఆ పన్నెండు అంకెలు ఒక వరసలో రాసి చూసినప్పుడు వాడికి ఒక విషయం అర్థమవుతుంది, అన్నీ ఒకేలా చేసినా ఒక కప్పుకీ ఇంకో కప్పుకీ ఎంత తేడా రావచ్చో. ఆ తేడా తెలియకుండా మజ్జిగ తెచ్చిన తేడా గురించి మాట్లాడటం, పాత్ర బరువు తెలియకుండా పాలు తూచడం లాంటిది. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో కూడా పొలం ఎక్కడెక్కడ ఎలా ఉందో తెలుసుకోవడానికి ముందుగా మొత్తం ఒకే రకం విత్తి, ముక్కలు ముక్కలుగా కోసి తూచే పద్ధతి ఉంది. నా పెంటకుప్ప అలాంటి పంటలో అయితే ముందే బయటపడేది.

పొడవు కాకుండా బరువు ఎందుకన్నానో మీకు ఈపాటికి తెలుసు, నీడలో సాగిన మొక్క పొడవులో మోసం చేస్తుంది, బరువులో అంత తేలిగ్గా మోసం చేయలేదు. పది మెంతి మొక్కలు కలిపి తూచినా గ్రాములే వస్తాయి, వంటింటి త్రాసుకు అది అందదు. తెలిసిన బంగారం కొట్టు ఉంటే ఒక పూట మిల్లీగ్రాముల త్రాసు వాడుకోనిస్తారేమో అడగండి, మెంతాకు పొట్లాలు పట్టుకుని వెళ్తే వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

తర్వాత అసలు ప్రయోగం. మళ్లీ పన్నెండు కప్పులు, ఆరు మజ్జిగకి, ఆరు నీళ్లకి. ఇక్కడ ఏ ఆరు మజ్జిగకి అనేది మీవాడి చేతికి వదలకండి. వాడు దొంగ అని కాదు, మనిషి చెయ్యి అలాంటిది. మార్కెట్‌లో టమాటాలు ఏరినట్టు చెయ్యి దానంతట అదే మంచి కప్పు వైపు పోతుంది, తెలియకుండానే. చీటీలు వేయండి. మన దగ్గర వరి దిగుబడి లెక్కకట్టే పంట కోత ప్రయోగం మీరెప్పుడైనా చూశారా? పొలంలో ఐదు మీటర్లకు ఐదు మీటర్ల ముక్క కొలిచి కోస్తారు. ఆ ముక్క ఎక్కడ పడాలనేది అక్కడికి వెళ్లిన ఉద్యోగి ఇష్టం కాదు, రైతు ఇష్టమూ కాదు, లెక్కప్రకారం ముందే తీసిన అంకెలు చెప్తాయి. బాగున్న చోట కోయమని ఒకరు, బాగోని చోట కోయమని ఇంకొకరు లాగుతారని తెలిసే ఆ ఏర్పాటు. మీ బాల్కనీలో చీటీలు చేసే పనీ అదే.

ఇంకో చిన్న మెళకువ. బాల్కనీ అంతా ఒకేలా ఉండదు, గ్రిల్ దగ్గర ఎండ ఎక్కువ, గోడ దగ్గర తక్కువ. కాబట్టి కప్పులు మూడు వరసలుగా పెట్టండి, గ్రిల్ పక్కన నాలుగు, మధ్యలో నాలుగు, గోడ వైపు నాలుగు. ప్రతి వరసలోనూ రెండు మజ్జిగవి, రెండు నీళ్లవి ఉండాలి, ఆ నాలుగింటిలో ఏవి రెండు అనేది ఆ వరస చీటీలు తేలుస్తాయి. ఇలా చేస్తే ఎండ లాభం ఏ ఒక్క జట్టుకో పోదు, ఎండలో ఉన్నవాటిని ఎండలో ఉన్నవాటితోనే పోలుస్తాం. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో వ్యవసాయం చదివిన పిల్లలెవరినైనా అడగండి, "ఆర్‌బీడీ" (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) అని నిద్రలో లేపినా చెప్తారు, ఇది అదే.

ఈ పద్ధతికి దారి వేసినవాళ్లలో పెద్ద పేరు రొనాల్డ్ ఫిషర్‌ది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, 1843 నుంచి అక్కడ గోధుమ పొలాల్లో ఎరువుల ప్రయోగాలు నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి పోగుపడ్డ ఆ లెక్కలు తేల్చమని 1919లో ఆయన్ని తీసుకున్నారు. లెక్కలు తేలుస్తూ తేలుస్తూ, అసలు పొలంలో పెట్టేటప్పుడే సరిగ్గా పెట్టకపోతే తర్వాత ఎంత లెక్క చేసినా లాభం లేదని ఆయన గట్టిగా చెప్పాడు. 1935లో రాసిన పుస్తకంలో మొదట్లోనే ఒక టీ కథ చెప్తాడు. ఒకావిడ, కప్పులో ముందు పాలు పోశారో ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనంటుంది. సరే చూద్దామని ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరస చీటీల్లాగా కలిపేసి ఇవ్వాలి. ఎనిమిదింటిలోంచి నాలుగు ఎంచుకోవడానికి 70 దారులు ఉన్నాయి, అందులో ఒక్కటే సరైనది. ఏమీ తెలియకుండా గుడ్డిగా చెప్పేవాళ్లకి అన్నీ కరెక్ట్ అయ్యే అవకాశం 70లో ఒకటి. అదే రెండే కప్పులు ఇచ్చి ఉంటే? సగానికి సగం, మీ రెండు కుండీల్లాగే. (మీ ఆయన కూడా కుక్కర్ అన్నానికీ గంజి వార్చిన అన్నానికీ తేడా ఇట్టే చెప్తానంటారా? ఎనిమిది గిన్నెలు పెట్టి చూడండి, ఆదివారం పూట మంచి కాలక్షేపం.)

మీ మూడు వరసల లెక్క కూడా అలాగే వస్తుంది. ఒక వరసలో నాలుగు కప్పుల్లోంచి మజ్జిగకి రెండు ఎంచడానికి 6 దారులు. మూడు వరసలు కాబట్టి 6 ఇంటూ 6 ఇంటూ 6, మొత్తం 216. మజ్జిగ ఏమీ చేయకపోయినా మూడు వరసల్లోనూ మజ్జిగ కప్పులే బరువులో పైన రెండు స్థానాల్లో నిలబడే అవకాశం 216లో ఒకటి. అలా వస్తే అప్పుడు మీవాడు జడ్జి గారి ముందు నిలబడి "మజ్జిగ ఏమీ చేయకపోతే, ఊరికే అదృష్టం కొద్దీ ఇలా రావడానికి 216లో ఒక్క వంతే ఛాన్సుంది సార్" అనొచ్చు. తొమ్మిదో తరగతి పిల్లాడు ఆ మాట అన్నాక ఎవరైనా నవ్వి వెళ్లిపోతారా, నాకైతే ఆ సీను చూడాలని ఉంది.

మజ్జిగ ఎలా పోయాలంటే, ఒక వంతు పుల్లమజ్జిగకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఆ కలిపినదే రోజుకు 20 మిల్లీలీటర్లు, అవతలివాటికి ఉత్త నీళ్లు 20. మొత్తం తడి సమానం. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం వద్దు, అలవాటుగా కలిపేస్తారేమో చూసుకోండి, ఉప్పు మొక్కలకు పడదు. చీమలొస్తే? వస్తాయి. కప్పులన్నీ నీళ్లు పోసిన పళ్లేల్లో ఇటుకల మీద పెట్టండి, మజ్జిగవే కాదు, పన్నెండూ. దేన్ని జరిపినా అన్నిటినీ జరపాలి, దేనికి మూత వేసినా అన్నిటికీ వేయాలి, ఈ ఒక్క నియమం బాల్కనీ తలుపు మీద రాసి అంటించండి.

కప్పుల మీద "మజ్జిగ", "నీళ్లు" అని రాయొద్దు, 1 నుంచి 12 వరకు అంకెలు వేయండి. ఏ అంకె ఏమిటో ఒక కాగితం మీద రాసి మీ దగ్గర పెట్టుకోండి, పోసే పని మీరు చేయండి, తూచే పని వాడు చేయాలి. ఏది మజ్జిగదో తెలిసి కొలిస్తే స్కేలు కూడా మనవైపే వంగుతుంది, పావు గ్రాము అటూ ఇటూ అయినచోట మనకు కావలసిన వైపే చదువుతాం. చిక్కేంటంటే పుల్లమజ్జిగ వాసన దాచలేం, ముక్కుంటే చాలు ఏ కప్పు ఏదో తెలిసిపోతుంది. అందుకని పద్నాలుగో రోజున మీరే మట్టి మీదుగా కత్తెరతో కోసి, నీళ్లలో జాడించి, గుడ్డతో అద్ది, అంకె వేసిన కాగితాల్లో చుట్టి వాడికివ్వండి. పద్నాలుగో రోజు అంటే పద్నాలుగో రోజే. పదకొండో రోజున మజ్జిగ ముందున్నట్టు కనిపించిందని అప్పుడే ఆపేయకూడదు, పద్నాలుగున వెనకబడిందని ఇరవై దాకా సాగదీయకూడదు. ఒక కప్పు కుళ్లిపోతే దాన్ని తీసి పారేసి "పదకొండే వేశాం" అనకూడదు, కుళ్లిపోయిందని రాయాలి. ఇవన్నీ మొదలుపెట్టక ముందే నోట్సు మొదటి పేజీలో తేదీ వేసి రాయించండి, తర్వాత మనసు మారకుండా.

ఇన్ని కప్పులు నిజంగా అవసరమా, రెండు మూడుతోనే గొప్ప సంగతులు తేల్చినవాళ్లు లేరా అని ఎవరైనా వాదిస్తే, ఉన్నారు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు, స్కర్వీ అనే జబ్బుతో చిగుళ్లు కుళ్లి నీరసించిపోయిన 12 మంది నావికుల్ని తీసుకుని, అందరినీ ఓడలో ఒకే చోట ఉంచి, ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేశాడు. ఒక జట్టుకు వెనిగర్, ఒక జట్టుకు సముద్రపు నీళ్లు పాపం, ఇలా జట్టుకో మందు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరు వారం తిరక్కుండానే కోలుకున్నారు, ఒకడు డ్యూటీకి కూడా ఎక్కాడు. ఇద్దరే. కానీ ఆ తేడా నేలకీ ఆకాశానికీ ఉన్నంత తేడా, మీది మూడు సెంటీమీటర్లు. తేడా ఎంత చిన్నదైతే అన్ని ఎక్కువ కప్పులు కావాలి. అన్నట్టు, అంత స్పష్టంగా తేలినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం ఇవ్వమని ఆదేశించడానికి 1795 దాకా పట్టింది.

ఒకసారి వచ్చిన ఫలితాన్ని నమ్మకపోవడానికి మన ఊరి కథే ఒకటుంది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895లో సికింద్రాబాద్ వచ్చినప్పుడు, మలేరియా దోమ నుంచి మనిషికి ఎలా వస్తుందనేది ఎవరికీ తెలియదు. దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగితే జ్వరం వస్తుంది అని ఆయన గురువులాంటి మాన్సన్ ఊహ. రాస్ దాన్ని పరీక్షించాడు, రోగుల్ని కుట్టిన దోమలు చచ్చిన నీళ్లు ఒప్పుకున్న మనుషులకు తాగించి. (ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.) మొదట తాగినతనికి కొన్నాళ్లకు నిజంగానే జ్వరం వచ్చింది! మీవాడి 11 సెంటీమీటర్లలాగే, చార్టు రాసేసుకోవచ్చు. రాస్ రాసుకుని ఊరుకోకుండా ఇంకొంతమంది మీద చూశాడు, ఊహ నిలబడలేదు. ఆ తర్వాత రెండేళ్లలో ఎన్నో దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద చూశాడు, దొరికే మామూలు రకాల్లో ఏమీ కనపడలేదు. చివరికి రెక్కల మీద మచ్చలున్న రకం, ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నది, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి కోస్తే, 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లటి రవ్వలతో కొన్ని కణాలు కనిపించాయి. మిగతా దోమల్లో ఎన్నడూ కనపడనివి. అప్పుడు కూడా ఆయన అడిగింది మీ జడ్జి గారి ప్రశ్నే, ఇవి మలేరియావే అని ఎలా తెలుసు? బతికున్న క్రిములే అయితే రేపటికి పెరిగి ఉండాలి కదా అనుకుని మర్నాడు మిగిలిన దోమను కోస్తే, అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా ఉన్నాయి. "నేననుకున్నది నిజమైతే రేపు ఇది కనపడాలి" అని ముందే చెప్పి తర్వాత చూడటం, నాకు ఆ కథలో బాగా నచ్చే ఘట్టం అదే. బేగంపేటలో ఆయన పేరుతో ఒక భవనం ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ వచ్చినప్పుడు పిల్లాణ్ణి తీసుకెళ్లి చూపించండి.

ఇక ప్రాజెక్టు పేరు సంగతి. "పుల్లమజ్జిగతో మొక్కలు బాగా పెరుగుతాయి" అనేది ప్రశ్న కాదు, తీర్పు. బాగా అంటే ఏమిటి, ఏ మొక్క, ఎన్ని రోజులు, ఎంత మజ్జిగ? "పదింట ఒక వంతు పుల్లమజ్జిగ కలిపిన నీళ్లు పోస్తే పద్నాలుగు రోజుల్లో మెంతి మొక్కల బరువు పెరుగుతుందా?" అని పెట్టించండి. వినడానికి అంత గొప్పగా ఉండదు గానీ, దీనికి అవుననో కాదనో తేలుతుంది. ఇంకో మాట, రైతులు పుల్లమజ్జిగ వాడేది ఎక్కువగా తెగుళ్లకు పిచికారీ చేయడానికి, ఎదుగుదలకు కాదు. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు "మజ్జిగ మంచిది" అని ఉంటే, దేనికి మంచిదన్నారో కనుక్కోండి. పైగా మెంతి మొలక మొదటి వారం పది రోజులు చాలావరకు గింజలో దాచుకున్న తిండి మీదే బతుకుతుంది, బయట నుంచి ఏం పోసినా దానికి పెద్దగా పట్టకపోవచ్చు. కాబట్టి తేడా ఏమీ రాకపోయే అవకాశం గట్టిగానే ఉంది, ముందే చెప్తున్నా. రాకపోతే వాడు చార్టు చించేస్తాడు, చించనీయకండి. "మెంతుల మీద, పద్నాలుగు రోజుల్లో, ఈ మోతాదులో తేడా కనపడలేదు" అని రాయాలి, అంతవరకే రాయాలి. "మజ్జిగ పనికిరాదు" అని రాస్తే అది మళ్లీ పాత తప్పే, ఇటువైపు నుంచి.

ఒకవేళ మజ్జిగ నిజంగానే గెలిచిందనుకోండి, అప్పుడు అసలు మజా. మజ్జిగలో ఏది పనిచేసింది? పులుపా, అందులోని పాల పదార్థమా, బతికున్న సూక్ష్మజీవులా? కాచి చల్లార్చిన మజ్జిగ ఒక జట్టుకు పోయించండి, కాస్తే విరుగుతుంది, విరిగినా గిలక్కొట్టి అదే మోతాదులో పోయండి. కాచినా అదే ఫలితం వస్తే సూక్ష్మజీవుల మీద అనుమానం తగ్గుతుంది. నిమ్మరసం పిండి అంతే పుల్లగా చేసిన నీళ్లు ఇంకో జట్టుకు, అది పులుపు సంగతి చెప్తుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జట్టు, అన్నీ ఒకేసారి కాదు.

రెండు నెలలు అంటే ఎనిమిది వారాలు. రెండు వారాలు ఉత్త నీళ్లు, రెండు వారాలు అసలు ప్రయోగం, ఫలితం ఎటు వచ్చినా ఇంకో రెండు వారాలు అదే మళ్లీ, కొత్త చీటీలతో. మిగిలిన రెండు వారాలు చార్టుకీ, పరీక్షలకీ, జ్వరాలకీ. పాత చార్టు కూడా పక్కనే పెట్టమనండి, "మొదట ఇలా చేశాను, ఇక్కడ పొరపాటు జరిగింది" అని వాడే చెప్తే బాగుంటుంది.

ఆ నోట్సులో ఐదో రోజు పేజీ ఉంటుంది చూడండి, చీమలు వచ్చాయి, కుండీ జరిపాం అని వాడు రాసుకున్నది. మీరు ఉత్తరంలో ఆ ముక్క రాయకపోతే నాకు నీడ సంగతి తట్టేదే కాదు. ఫెయిర్ నోట్సులోకి ఎక్కించేటప్పుడు కొట్టివేతలతో సహా ఆ పేజీ అలాగే ఉంచమనండి.